నా పేరు నేనే కొనుక్కున్న తపస్కాలం

చీటీల బేరంలో తన పేరు తానే కొనుక్కున్న మొనగాడు మార్కాపురం బజారులో ఇంకొకడుంటే చూపించండి, నా దుకాణం తాళాలు వాడి చేతిలో పెడతాను. దేవుడి పనిలో కూడా నష్టపోకుండా బయటపడ్డానని ఆ రోజుల్లో నాకు మహా గర్వంగా ఉండేది.

ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై రోజుల తపస్కాలం విభూది బుధవారంతో మొదలవుతుంది. మొన్న ఆ బుధవారానికి ముందు, కాలేజీ పిల్లల ప్రార్థన కూటాన్ని చూసుకునే సిస్టర్ దుకాణానికి వచ్చారు. తపస్కాలం శుక్రవారాల్లో పిల్లలు పగలంతా ఉపవాసముండి, సాయంత్రం సిలువ మార్గం ప్రార్థన ముగించుకుని తాగే గంజికి బియ్యం నేనే ఇస్తుంటాను. ఈసారి చీటీలు లేవనీ, ఎవరికెవరు రహస్య నేస్తమో ఫోనే తేలుస్తుందనీ ఆమె చెప్పారు. "ఇంక మార్చుకోడానికి కుదరదంకుల్" అని నవ్వితే, నేను బియ్యం కొలవడం మరిచిపోయాను.

మా కాలంలో విభూది పెట్టించుకున్న సాయంత్రం కుండలో పేర్లు వేసి తలా ఒకటి తీసేవాళ్లం. ఎవరి పేరు వస్తే ఈస్టర్ దాకా వాళ్ల కోసం ప్రార్థించాలి, వాళ్లకు తెలియకుండా రోజూ ఒక మేలు చేయాలి. బోరు ఎండిపోయిన మా హాస్టల్లో మేలంటే నీళ్లే. వీధి చివరి చేతిపంపు దగ్గర వరుసలో నిలబడి, తెల్లవారేలోపు నేస్తం గది ముందు నిండు బకెట్టు పెట్టి రావడం మాలో ఆనవాయితీ.

నాకొచ్చిన చీటీలో కొమరోలు నుంచి వచ్చిన సీనియర్ అన్న పేరుంది. సెలవుల్లో కూలికి పోయి చదువుకునే మనిషి, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు. అన్నిటికీ మించి ఆయన గది మేడమీద. గిద్దలూరులో మా నాయన దుకాణంలో పెరిగిన బుర్ర కదా, మెట్లు తలుచుకోగానే నాకు ఆయాసం వచ్చింది. అంతలో నా గదిలోనే ఉండే దొనకొండవాడు తనకు నా పేరు వచ్చిందని నోరు జారాడు. అమ్మ పంపిన నువ్వుల ఉండల డబ్బా తీసి, చీటీలు మార్చుకుందామన్నాను.

"నీ పేరు నీకేందిరా, పిచ్చోడా?"

"నీకు కష్టమెందుకని. సగం డబ్బా తీస్కో."

"సగానికి మేడ దాకా ఎవుడు మోస్తాడు? మొత్తం ఇయ్యి."

"ఉండలన్నీ నీవే. డబ్బా మాత్రం నాది."

రెండో వారంలో దొనకొండవాడికి కామెర్లు వచ్చి ఊరికి పోయాడు. పోతూ అన్న చీటీ నా చేతిలో పెట్టి, నువ్వే చూసుకోమన్నాడు. జేబులో వేసుకున్నానే గాని ఒక్క పూటైనా మేడ ఎక్కలేదు. అమ్మిన సరుకు వెనక్కి తీసుకోవడం మా వంశంలో లేదు. విచిత్రమేమంటే, వాడు పోయాక కూడా మా గది ముందుకు రోజూ ఒక బకెట్టు వస్తూనే ఉంది. మోసేవాడికి సంగతి తెలియదనుకున్నాను. చెబితే ఆగిపోతుందని నోరు మూసుకుని ఆ నీళ్లతోనే స్నానం చేశాను.

ఈస్టర్ సాయంత్రం ఒక్కొక్కరే లేచి తమ నేస్తం పేరు చెబుతుంటే చప్పట్లు మోగాయి. అన్న పేరూ, నా పేరూ మాత్రం ఎవరూ చెప్పలేదు. చివరికి ఆయనే లేచాడు.

"నాకు కామెర్ల తమ్ముడి పేరొచ్చినాది సిస్టర్. ఇద్దరుండే వాని గది ముందు ఎప్పుడు చూసినా నా బకెట్టొక్కటే." నా వైపు చెయ్యి చూపించాడు. " ఈ తమ్ముడికి నా మాదిరే నీళ్లు పెట్టేటోళ్లు ఎవురూ లేరు గామాల, పాపం. అందుకే వాడు ఊరికి పోయినా మోస్తానే ఉన్నా."

అన్న చీటీ ఎవరి దగ్గరుందని అప్పటి సిస్టర్ అడిగారు. అది నా చొక్కా జేబులోనే ఉంది. దాని మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. "పోనీలే సిస్టర్, నాకేం తక్కువైంది" అన్నాడు అన్నే.

ఇప్పుడు నీళ్లు క్యానుల్లో గడప దాకా వస్తున్నాయి, ఒకరికొకరు మోయాల్సిన పని తప్పింది. అన్న మాత్రం ఇప్పటికీ కొమరోలు బస్సు దిగి నా దుకాణానికే వస్తాడు. నేను కొసరు వేసినప్పుడల్లా "ఇట్లిస్తే మునిగిపోతావు తమ్ముడూ" అని కోప్పడతాడు. చెబుదామనుకుంటాను. ఇంకో గుప్పెడు వేస్తాను.

లెక్క నిజాయితీగా చూస్తే ఇంతే: నాకు ముట్టింది తపస్కాలం ముగిసేదాకా ఆయన మోసిన నీళ్లు. ఆయనకిచ్చే గుప్పెళ్లూ, పిల్లల గంజికి పంపే బియ్యమూ అన్నీ కొసరే. అసలు ఇంకా ఇవ్వలేదు.