కటింగు మాస్టారు, ఒంటి డెక్క పీత

కటింగు మాస్టారికి కుడిచేతి బొటనవేలు పోయి నాలుగు నెలలైంది. దుకాణం ఇనుప షట్టరు ఒక్కసారిగా జారిపడింది, అంతే. ముప్పై ఏళ్లు ఆ వేలే కత్తెర కన్నంలో దూరి ఊళ్లో సగం మందికి చొక్కాలు కత్తిరించింది. ఎడమచేత్తో ప్రయత్నించమంటే ఆయన మొహం గోడవైపు తిప్పేసుకునేవాడు. మధ్యాహ్నమంతా గదిలో పడుకుంటే, మగతలో లేని వేలు దురద పెట్టేది. గోక్కోబోతే ఏమీ తగిలేది కాదు.

ఆయన భార్య స్కూలు లాబొరేటరీలో సీసాలు కడుగుతుంది. ఒకరోజు ఓ గాజు తొట్టి తెచ్చి ఆ గదిలోనే పెట్టింది. ఉప్పునీళ్లు, గుప్పెడు ఇసుక, ఓ నత్తగుల్లలో సన్యాసి పీత. పేరుకి సన్యాసే గానీ ఇల్లు లేనిదే పూట గడవదు దానికి. అదీ ఎవరో ఖాళీ చేసిన ఇల్లే.

“గుల్ల కోసం కొట్లాడి పెద్ద డెక్క పోగొట్టుకుంది. పారేయమన్నారు, నాకు మనసొప్పలేదండీ.”

“ఇంట్లో ఒక అవిటివాడు చాలలేదా?”

“దానికి మళ్లీ మొలుస్తుందట.”

“నాకు మొలవదుగా.”

ఆవిడ తొట్టికి పెట్టిన గాలి పంపు స్విచ్చి వేసింది.

పంపు గురగురకి మాస్టారి కళ్లు మూతపడేవి. తెరిస్తే పైకప్పు మీద నీటి వెలుగు పాకుతూ ఉండేది. తనూ నీళ్ల అడుగునే పడుకున్నట్టుండేది. మెల్లగా ఆయనకి ఒక సంగతి తెలిసింది. పీతకి పెద్ద డెక్క పట్టకారే కాదు, తలుపు కూడా. లోపలికి ముడుచుకుని చివర్న దాన్ని అడ్డం పెట్టుకుంటుంది. ఇప్పుడు నీడ పడితే చాలు లోపలికి పారిపోతోంది, గుమ్మం మాత్రం బార్లా తెరిచే ఉంటోంది. అది చూసి మాస్టారు తన నీడ పడకుండా కుర్చీ పక్కకి జరుపుకున్నాడు.

డెక్క పోయినచోట పెసరగింజంత బుడిపె లేచింది. దానికి డెక్క వస్తే తను దుకాణం తెరవాలి, రాకపోతే కత్తెర అమ్మేయాలి. ఇలా ఎవరికీ చెప్పకుండా తనతో తనే పందెం కట్టుకున్నాడు.

ఓ ఉదయం పీత గుల్ల బయట కాళ్లు ముడుచుకుని, ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. భార్య దాన్ని చెంచాతో తీసి, “చేతులారా తెచ్చి చంపుకున్నాను,” అని కళ్లు తుడుచుకుంది. పూలకుండీలో చిన్న గుంట తవ్వింది. దానితోపాటే పూడ్చేద్దామని గుల్ల కోసం తొట్టిలో చెయ్యి పెట్టింది.

“ఆగు,” అన్నాడు మాస్టారు.

పీతని ఎడమ అరచేతిలోకి తీసుకున్నాడు. బరువే లేదు. కిటికీకెత్తి పట్టుకుంటే వెలుగు ఇటునుంచి అటు పోతోంది. వీపు మీద కుట్టు విప్పినంత నీటుగా ఓ చీలిక.

“ఇది శవం కాదే. విప్పేసిన చొక్కా. లోపల మనిషి లేడు.” బుడిపె ఉన్నచోట ఖాళీ సంచి, దాని మీద మడతల గీతలు. “డెక్కని మడతపెట్టి ఇన్నాళ్లూ ఇందులో దాచుకుంది, దొంగ.”

భార్య గుల్ల వదిలేసి చెయ్యి వెనక్కి తీసుకుంది. “స్కూల్లో ఇలాంటివాటిని ఎన్నింటిని గుల్లలతో సహా బతికుండగానే పూడ్చేశామో,” అంది. కుండీలో తవ్విన గుంటని అరచేత్తో పూడ్చేసింది.

మూడు రోజులు గుల్ల కదల్లేదు. నాలుగో రోజు మీసాలు, ఆ వెనక కళ్లు, ఆ వెనక పాలిపోయిన బుల్లి డెక్క వచ్చాయి. అంతలో మాస్టారు తుమ్మాడు. పీత లోపలికి దూరి తలుపేసుకుంది. గుమ్మం సగమే మూసుకుంది. అయినా అది తలుపే. మాస్టారికి ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

“ఇంకో రెండు మూడుసార్లు చొక్కా విప్పితే గానీ పూర్తి సైజు రాదటండీ,” అంది భార్య.

ఆ మధ్యాహ్నం ఆవిడే షట్టరెత్తింది. మాస్టారు కత్తెర ఎడమచేతికి తొడుక్కున్నాడు. గుడ్డ తెగకుండా బ్లేళ్ల మధ్య నలిగింది. పళ్లు బిగబట్టి గంటసేపు తంటాలు పడి ఓ కాలరు కత్తిరించాడు.

ఆవిడ దాన్ని వెలుగులోకి పట్టుకుని చూసింది. “ఓ పక్క పొడుగైందండీ.”

“ఈ చొక్కాకి ఇంతే,” అన్నాడు మాస్టారు. “వచ్చే చొక్కాకి చూడు.”