రాని లెక్క

దేశానికి స్వతంత్రం రాకముందు మాట. రాజుపాలెం పక్క పల్లెలో నేను నాలుగో తరగతి చదువుతున్నాను. ఒకనాడు మాస్టారు భాగహారం పరీక్ష పెట్టి, నా పలకా, పక్కన కూర్చున్న శాంతమ్మ పలకా తీసుకుని చూశారు. రెండింటిలోనూ ఒకటే జవాబు, అదీ తప్పే.

"ఎవరే చూసి రాసింది?" అంటూ బెత్తం అందుకున్నారు. ఆ తప్పు లెక్క చేసింది నేనే కాబట్టి తల దించుకున్నాను.

శాంతమ్మ ఏడుస్తూ లేచింది. "నేనేనండయ్యా. మా యమ్మ మిరపకోతకి పోతంది. తమ్ముణ్ణి ఎత్తుకోవాలని చానా రోజులు బడికి రాలా. రాదంటే కొడతారని చూసి రాశా."

మాస్టారు బెత్తం బల్ల మీద పెట్టేశారు. "రేపట్నించి తమ్ముణ్ణి కూడా తీసుకురా. రాని లెక్క దగ్గర రాలేదని రాయండి. ఎవర్నీ కొట్టను, మళ్లీ చెప్తా" అన్నారు. ఆ సాయంత్రం మా ఇద్దర్నీ కూర్చోబెట్టి లెక్క నేర్పారు.

తర్వాతి పరీక్షలో సగం పలకల మీద 'రాలేదు' అనే ఉంది! మాస్టారు పకపకా నవ్వి, శాంతమ్మ ఒళ్లో నిద్రపోతున్న తమ్ముణ్ణి భుజాన వేసుకుని, భాగహారం మొదటినుంచి ఎత్తుకున్నారు. నాకు చదువంటే భయం పోయింది ఆ రోజే.