ఈకలు తిన్న కోళ్ళు

కోళ్ళఫారంలో మా మేనత్తను అందరూ జైలరమ్మ అంటారు, ఎదురుగా మాత్రం ఎవరూ అనరు. మేత కలపడం, తలుపులు వేయడం, కోళ్ళను తిట్టడం ఆమె పనులు. మూడోదానికి జీతం లేదు, కానీ దాన్నే ఎక్కువ శ్రద్ధగా చేస్తుంది. గుడ్లు ఏరడం నా పని. "పొరపాటు నాది" అని అత్త అనగా నేనెప్పుడూ వినలేదు. కూర మాడితే పొయ్యిది తప్పు. మామయ్యకు బట్టతల వస్తే వాళ్ళమ్మది తప్పు.

ఆ మధ్య కోళ్ళు ఒకదాని ఈకలు ఒకటి పీక్కుని తినడం మొదలుపెట్టాయి. నేలమీద పడ్డ ఈకను కూడా రెండేసి కోళ్ళు చెరోవైపు పట్టుకుని లాక్కునేవి. వెనకభాగాలు ఎర్రగా, బోడిగా తేలాయి. షెడ్డంతా సిగ్గులేని సంతలా ఉంది. యజమాని వచ్చి చూశాడు.

"ఈ వారంలో ఆగకపోతే అన్నిటినీ మాంసానికి అమ్మేసి తాళం వేసేస్తా."

తాళం పడితే అత్తకు పని పోయినట్టే. వెంటనే ఒక ఎర్రకోడిని పట్టుకుంది. "ఇదే మిగతావాటిని చెడగొడుతోంది. దాని చూపు చూడవే, దొంగచూపు!" అంటూ బుట్ట కింద మూసింది. మర్నాడు మిగిలినవి ఇంకా హుషారుగా పీక్కున్నాయి.

పశువుల డాక్టరమ్మ వచ్చి షెడ్డంతా చూసింది. ఇరుకు లేదు, పురుగుల్లేవు, నీళ్ళు సరిపోతున్నాయి.

"మేతలో ఏం కలుపుతున్నారు పెద్దమ్మా?"

"మొక్కజొన్న, సోయాపిండి, గుడ్డు పెంకు గట్టిపడ్డానికి గుల్లపొడి."

"తెల్లపొడి? మెథియొనైన్?"

అత్త చీపురు వైపు చూసింది. "అదా! కుళ్ళిన క్యాబేజీ కంపు కొడుతుంటే పాడైందని పారబోశా."

"దాని వాసనే అంతమ్మా. అదొక అమైనో ఆమ్లం. ఇలాంటివాటితోనే ఒంట్లో ప్రొటీన్లు తయారవుతాయి. కొన్నిటిని ఒళ్ళే చేసుకుంటుంది. దీన్ని చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. ఈక పెరగాలంటే ఇది కావాలి. మీ మేతలో చాలినంత లేదు, అందుకే పక్కదాని వీపు మీద వెతుక్కుంటున్నాయి."

"మనుషులకూ కావాలా?"

"ఎందుకక్కర్లేదు? గుడ్లలో, చేపల్లో, నువ్వుల్లో ఉంటుంది."

"అయితే మా ఆయన నెత్తిని ఎవరు పీక్కుతిన్నట్టు?"

"అది వేరే సంగతి" అని డాక్టరమ్మ నవ్వాపుకుంది.

ఆమె వెళ్ళాక అత్త ఎర్రకోడిని వదిలింది. క్షమాపణ చెప్పలేదు, బెయిలిచ్చానంది. ఇక యజమానికి చెప్పాలి. చెబితే పని పోవచ్చు. చెప్పకపోతే కొత్త పొడి రాదు, కోళ్ళూ పోతాయి, పనీ పోతుంది.

"సంచిని ఎలుకలు కొట్టేశాయని చెప్పనా?"

గుడ్లు ఏరడం ఆపి ఆమె ముఖంలోకి చూశాను. అలా చూస్తే అత్తకు ఒళ్ళు మండుతుంది.

"అలా చూడకే!" అంటూ ఫోన్ తీసింది. "ఆ తెల్లపొడి నేనే పారబోశా. పొరపాటు నాదే!" అని అరిచింది, యజమానినే తిడుతున్నట్టు.

ఆయన తిరిగి అరిచిన అరుపు నాక్కూడా వినిపించింది. బుర్ర ఉందా అన్నాడు. చివరికి, "ఇకమీదట మేత నా కళ్ళముందే కలపాలి" అన్నాడు.

పొడి వచ్చింది. కొన్నాళ్ళకు పీకుళ్ళు తగ్గాయి. బోడి వీపుల మీద కొత్త ఈకలు ముళ్ళలా మొలిచాయి. అమ్మేసే మాట ఎవరూ ఎత్తలేదు. యజమాని మాత్రం పొద్దున్నే వచ్చి చేతులు కట్టుకుని నిలబడేవాడు. అత్త తనకు చేతనైనంత ఓపిక పట్టింది. అది ఎక్కువేం కాదు. ఒకరోజు పార తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"చూస్తూ ఉంటే కలవదు బాబూ. ఆ మూల నుంచి తిప్పు."

ఆయన తిప్పాడు.