బాపు వేసిన పదకొండు కొర్రీలు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఒకటుందని ఎవరైనా అంటే నేను నవ్వి ఊరుకునేదాన్ని. ఇరవై మూడేళ్ళ వయసు, హైదరాబాదులో ఏడాది ఫ్యాషన్ డిజైనింగ్ కోర్సు, భుజాల దాకా వేలాడే జుంకాలు. బోధన్ బస్టాండులో దిగితే ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా ఆగి చూసేవాళ్ళు (అది మెచ్చుకోలు అనే చాలాకాలం అనుకున్నాను). మా ఇంటి ముందు రోడ్డు వైపు తలుపున్న మడిగె (కొట్టు గది) ఒకటి ఖాళీగా ఉండేది. అందులో మగ్గం పని జాకెట్ల షాపు పెట్టాలని, చుట్టుపక్కల క్యాంపుల్లో (ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల ఊళ్ళను మా వైపు అలాగే అంటారు) జరిగే పెళ్ళిళ్ళన్నిటికీ నేనే జాకెట్లు కుట్టివ్వాలని, మహారాష్ట్ర సరిహద్దు దాటి ధర్మాబాదు వాళ్ళకు కూడా ఆన్‌లైన్‌లో అమ్మాలని నా పథకం. దానికి మూడు కాగితాలు కావాలి: మున్సిపాలిటీ వాళ్ళ ట్రేడ్ లైసెన్సు, దుకాణం రిజిస్ట్రేషను, జీఎస్టీ నంబరు. "గదెంత పని బాపూ, ఫోన్ల రెండు నిమిషాలు" అని చిటికె వేసి మరీ చెప్పాను.

చెప్పింది ఎవరికో తెలిస్తే మీరు నన్ను చూసి జాలిపడతారు. బాపు అంటే మా నాన్న, ముప్పై ఏళ్ళు ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. ఫైలులో తప్పు పట్టి వెనక్కి పంపడాన్ని కొర్రీ వెయ్యడమంటారు కదా, ఆ విద్యలో ఆయనను మించినవాడు జిల్లాలో లేడు. జనం కూడా ఆయన పేరు మరిచిపోయి 'కొర్రీల సారు' అనే పిలిచేవాళ్ళు. నవీపేట నుంచి వచ్చిన ఒక రైతు పెద్దాయన నా ముందే అన్నాడు: "మీ బాపు ఒక్క పైస ముట్టలేదు బిడ్డా, దేవుడసొంటోడు. కని నాయి రెండు జతల చెప్పులు అరిగినయ్." ఆ మాట విని బాపు సిగ్గుపడకపోగా మీసం సవరించుకున్నాడు.

నా చిటికె విని బాపు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అన్నాడు: "మడిగె గావాలని సెల్లు రిపేరాయన అడుగుతుండు. వచ్చే ఒకటో తారీకు జవాబు చెప్తనన్న. గప్పటిలోపు నీ మూడు కాయిదాలు గోడకెక్కితే మడిగె నీది. లేకుంటే ఆయనది. ఒక్కటే మాట, నాకు సూపియ్యకుంట పంపకు." నెల రోజులు గడువు. నాతో పని చేస్తానన్న ఉస్తాద్ చాచా ఇచ్చిందీ అంతే గడువు. బోధన్‌లో మగ్గం మీద సూది పట్టినవాళ్ళలో ఆయన చేతికి ఎదురులేదు. కానీ ఊళ్ళో పని తగ్గి, సిటీలో ఉన్న అల్లుడు రమ్మంటుంటే సగం సామాను సర్దేసుకుని ఉన్నాడు. "బేటీ, నీ మాట మీద ఒక నెల ఆగుత. గంతకన్న ఆగలేను" అన్నాడు. ఆయన పోతే నా షాపులో జుంకాలు తప్ప ఇంకేమీ మిగలవు.

బాపుకు చూపించకుండానే పంపేశాను. చూపించడానికి ఆయనెవరు, రిటైరైన మనిషి, ఆయన కాలం కట్టలూ దారాలూ వేరు, మా కాలం వేరు అనుకున్నాను. జీఎస్టీ దరఖాస్తులో ఫోటో పెట్టమంటే, ఫ్యాషన్ వ్యాపారం కదా అని, కోర్సు చివర్లో దిగిన ఫోటో పెట్టాను. నల్ల కళ్ళద్దాలు, నడుం మీద చెయ్యి, చూపు ఆకాశంలోకి. స్థలం సొంతమా, అద్దెదా అంటే మా ఇల్లే కదా అని 'సొంతం' మీద నొక్కాను. ఏం వ్యాపారమంటే 'అన్ని రకాల ఫ్యాషన్' అని రాశాను. తర్వాత వారం రోజులు వాడకట్టులో మహారాణిలా తిరిగాను. తొమ్మిదో రోజున నోటీసు వచ్చింది. స్థలం మీ పేరున లేదు, యజమాని సమ్మతి పత్రం ఏది, ఫోటోలో మొహం కనబడటం లేదు, వ్యాపారం వివరం స్పష్టంగా లేదు, ఏడు పనిదినాల్లో సమాధానం ఇవ్వండి. అందులో ఒక్కటి కూడా వాళ్ళ తప్పు కాదు, అదే కదా అసలు మంట!

యజమాని అంటే బాపు. ఆయన సంతకం లేనిదే అడుగు ముందుకు పడదు. మింగలేక కక్కలేక ఫైలు తీసుకుని ఆయన ముందు నిలబడ్డాను. ఆయన "నేను ముందే చెప్పలేదా" అనలేదు. అన్నా బాగుండేది. గడియారం చూసి, "ఇప్పుడు తొమ్మిదే అయింది. ఆఫీసు పదిన్నరకు" అన్నాడు.

వేళాకోళం అనుకున్నాను. కాదు! సరిగ్గా పదిన్నరకు ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబుకు ఎర్ర పెన్ను తగిలించుకుని, వసారాలో పాత టేబులు ముందు కూర్చున్నాడు. నేను ఎదుటి కుర్చీలో కూర్చోబోతే, "అర్జీదారులు నిలబడాలె" అన్నాడు. మొదటి కాగితం తీశాడు. "గిది అర్జీ ఫోటోనా, సీన్మా పోస్టరా?" మొదటి కొర్రీ. రెండో కాగితం. "కరెంటు బిల్లు మా నాయిన పేరు మీద ఉన్నది. ఆయన పోయి పదేండ్లాయె. పోయినోడొచ్చి నీకు మడిగె ఇస్తడా? ఇంటి పన్ను రసీదు నా పేరు మీద ఉంది, గది పెట్టు." రెండో కొర్రీ. "జాకెట్లు కుట్టుడా, తెచ్చి అమ్ముడా? రెండా? మరి రెండూ రాయి. అన్ని రకాల ఫ్యాషన్ అంటే రేపు నిన్ను గాజులమ్మేటామె అంటరు." మూడు. ఇచ్చిన ఫోను నంబరు రీచార్జి లేక ఆగిపోయిన నా రెండో సిమ్ముది (నాలుగు). చూడటానికి వచ్చే అధికారికి ఇది షాపని తెలియడానికి బయట బోర్డు లేదు (ఐదు). ఆరోది చెబుతుండగా గడియారం ఒంటిగంట కొట్టింది. పెన్ను మూత పెట్టేసి లేచాడు.

మళ్ళీ రెండింటికి వెళ్తే కుర్చీ ఖాళీ. అవ్వ, అంటే మా అమ్మ, గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంపుతోంది. "సారు సీట్ల లేడు. చాయ్‌కు వోయిండు" అంది, నవ్వు కొంగు వెనక దాచుకుంటూ. సారు అక్కడికి నాలుగడుగుల దూరంలో, వంటింట్లో పీట మీద కూర్చుని చాయ్ ఊదుకుంటున్నాడు, నాకు కనబడుతూనే ఉన్నాడు! మొగుడూ పెళ్ళాలు ఇద్దరూ కలిసి నా బతుకుతో ఆటలాడుతున్నారనిపించింది.

ఫోటో దిగొచ్చాను, రసీదు పెట్టాను, సిమ్ము బాగు చేయించుకున్నాను. బోర్డు రాసే ఆయన వెంటబడి, ఆయన నిచ్చెన నేనే మోసి, బోర్డు పెట్టించాను. మర్నాడు, సగంలో ఆగిన ఆరోదానితో కలిపి, మరి నాలుగు కొర్రీలు. ఆ మర్నాడు వెళ్తే, "ఇయ్యాల రెండో శనివారం. ఆఫీసు బందు" అన్నాడు. ఇక ఆగలేకపోయాను. ఫైలు టేబులు మీద విసిరికొట్టి గట్టిగా ఏడ్చేశాను. "నువ్వసలు నా బాపువేనా? నేను నీ బిడ్డను గాదా? సంతకం వెడితే నీ సొమ్మేం పోతది?" అని నోటికొచ్చినట్టు అరిచాను. అవ్వ చేతిలో గరిటెతో పరుగెత్తుకొచ్చింది.

బాపు కింద పడిన కాగితాలు ఒక్కొక్కటే ఏరి, వరసలో పెట్టాడు. "ఆడ కుర్సీల కూసున్నోనికి నువ్వు బిడ్డవు గాదు" అన్నాడు మెల్లగా. "నాకు ఎరికే గదా, నేను గట్లనే కూసున్న. ఆయన అడిగేటియన్ని ఈడనే అడుగుతున్న. ఈడ ఏడ్వు, ఏం గాదు. ఆడ ఏడ్వద్దు." అని ఫైలు నా చేతిలో పెట్టి, "సోమారం రా" అన్నాడు. అంత ఏడుపులోనూ నాకు నవ్వొచ్చింది.

సోమవారం పదో కొర్రీ, పదకొండో కొర్రీ అయ్యాయి. పదకొండోది నేను సంతకం కింద తేదీ వెయ్యలేదని. వేశాను. బాపు మొదటి కాగితం నుంచి చివరి దాకా మళ్ళీ తిప్పాడు, వెనక్కి తిప్పాడు, ఎర్ర పెన్ను గాల్లోనే ఆగింది. వెతకడానికి ఇంకేమీ దొరకలేదు. ఆ పెన్ను జేబులో పెట్టేసి నీలం పెన్ను తీసి సమ్మతి పత్రం మీద సంతకం పెట్టాడు. గడువుకు ఒకరోజు ముందే నోటీసుకు జవాబు పంపాను. అదే ఫైలు పట్టుకుని మున్సిపాలిటీకి వెళ్ళాను, దుకాణం రిజిస్ట్రేషనుకూ పెట్టాను. కిటికీ అవతలాయన కాగితాలు తిరగేసి, "అన్నీ ఉన్నయమ్మా" అన్నాడు. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన ఆనందం కోర్సులో ఫస్టు వచ్చినప్పుడు కూడా కలగలేదు (రాలేదనుకోండి, వచ్చినా ఇంతే). వారం తిరగకముందే రెండు కాగితాలు చేతికొచ్చాయి.

మిగిలింది జీఎస్టీ. నెల ముగియడానికి ఐదు రోజులుందనగా షాపు చూసి పోవడానికి నిజామాబాదు నుంచి అధికారి వచ్చాడు. చెరుకు ట్రాక్టర్ల వెనక చిక్కుకుని వచ్చాడేమో, బండి దిగేటప్పటికే విసుగ్గా ఉన్నాడు. బోర్డు చూశాడు, ఉస్తాద్ చాచా బిగించి పెట్టిన మగ్గం చూశాడు, ఫోటోలు తీసుకున్నాడు. ఫైలు తిప్పుతూ తిప్పుతూ మెత్తబడ్డాడు. "ఎవరు కట్టిన్రమ్మా గీ ఫైలు? గిసొంటిది సూసి మస్తు రోజులాయె" అన్నాడు. తర్వాత బాపు వైపు తిరిగి, "ఓనరు మీరే గదా. షాపు నడుపుకోనీకి మీకు ఇష్టమేనని నా ముందట ఒక లైను రాసిస్తె నా పనైపోతది" అన్నాడు.

ఇక అయిపోయిందనుకున్నాను. మా బాపు ముప్పై ఏళ్ళ నౌకరీలో ఏ కాగితమూ అడిగిన రోజున రాసివ్వలేదు. గోడ మీద గడియారం చూశాను, ఒంటిగంటకు ఐదు నిమిషాలు తక్కువ! బాపు కూడా అటే చూశాడు. చూసి, "ఆగుండ్రి సారూ, ఇప్పుడే రాసిస్త" అన్నాడు. వంటింట్లోంచి అవ్వ తొంగిచూసి, "ఇప్పుడే అన్నడా?" అని నన్నడిగింది. బాపు నిలబడే రాశాడు, మగ్గం చెక్క మీద కాగితం పెట్టుకుని. అధికారి అడిగింది ఒక్క లైను. బాపు రాసింది మూడు. మూడోది ఆ ఫైలుకు ఏ విధంగానూ అవసరం లేదు: 'సదరు అర్జీదారు నా కూతురు, పని తెలిసిన మనిషి.'

మూడు రోజుల్లో నంబరు వచ్చింది. ఒకటో తారీకుకు ఇంకా రెండు రోజులుండగా మూడు కాగితాలూ ఫ్రేము కట్టి గోడకెక్కాయి. ఉస్తాద్ చాచా తాళ్ళతో కట్టిన సామాను మళ్ళీ విప్పాడు. సెల్లు రిపేరాయనకు బాపే కబురు పెట్టాడు, మడిగె ఖాళీ లేదని.

షాపు తెరిచిన రోజు వాడంతా వచ్చింది, రుద్రూరు దగ్గరి క్యాంపు నుంచి ఒకామె పెళ్ళికూతురిని వెంటబెట్టుకుని మరీ వచ్చింది. కాగితాల వంక చూసి, "ఏమ్మా, ఇంత తొందరగా ఎలా తెచ్చావు? మావాళ్ళు ఆర్నెల్లు తిరిగారు" అంది. నేను జుంకాలు ఊగేలా తల ఎగరేసి, "ఎవల సాయం లేదు ఆంటీ. అంతా నేనొక్కదాన్నే జేసుకున్న" అన్నాను. బాపు నా పక్కనే నిలబడి ఉన్నాడు. "అవునమ్మా, ఒక్కతే తిరిగింది, మేమెవ్వలం ఏం జెయ్యలే" అని పెళ్ళికూతురికి కుర్చీ వేశాడు. ఆ మాట నిజమేనని నేను చాలా ఏళ్ళు నమ్మాను.