ఆరో గంపలో పొదిగిన కోడి

ఆ రోజుల్లో లోకమంతా ఒకే ఎత్తున ఉంటే బాగుండునని నాకు ఉండేది. (ఆ రోజుల్లో అంటే మరీ తాతల కాలం అనుకునేరు, ఫోన్లు అప్పటికే చేతికి అంటుకుపోయాయి.) బీపీఎడ్ పాసై, మెడలో విజిలూ సంచిలో కొలత టేపూ వేసుకుని పీఈటీ ఉద్యోగంలో చేరిన కొత్త. వాలీబాల్ నెట్ ఒక పక్క కాస్త కుంగినా ఆ పూట నాకు అన్నం సయించేది కాదు. మొన్న ఆదివారం వైరా చెరువు దగ్గర కొత్తగా వేస్తున్న డిస్క్ గోల్ఫ్ (పళ్ళెం విసిరి గంపలో వేసే ఆట) కోర్సు గురించి మాట్లాడుకోవడానికి కొంతమందిమి కూర్చున్నాం. అందులో ఒక కుర్రాడు లేచి, "గంపలన్నీ ఒక్క ఎత్తులనే ఉండాలె. కొన్నిటిని పైకి లేపుడు ఏంది? అది ఆటనే కాదు" అని గట్టిగా వాదించాడు. చూస్తే అతని జేబులోంచి టేపు తొంగిచూస్తోంది. నాకు నవ్వు ఆగలేదు. అందరూ నా వైపు తిరిగి ఎందుకు నవ్వుతున్నావని అడిగారు. ఒక కోడి గుర్తొచ్చిందన్నాను.

మాది బోనకల్ దగ్గర పల్లె. నాన్న రెండెకరాల మిర్చి రైతు, ఆదివారం చర్చిలో డోలక్ వాయిస్తాడు. నాకు మొదటి ఉద్యోగం ఏన్కూరు దాటి అడవి మొదలయ్యేచోట ఉన్న ఆడపిల్లల హాస్టల్ బడిలో వచ్చింది. బడి బాగుంది, సిస్టర్లు బాగున్నారు, పిల్లలు ఇంకా బాగున్నారు. గ్రౌండే లేదు. ఉన్నదంతా టేకు చెట్లు, ఇప్ప చెట్లు, రాళ్ళు, కిందికి జారిపోయే నేల, ఆ నేల చివర ఒక వాగు. బంతి పెడితే తనంతట తనే వాగులోకి నడిచి వెళ్ళేది. కబడ్డీ ఆడించబోతే కూతకు వెళ్ళిన పిల్ల వాలు మీద ఆగలేక అవతలి జట్టుతో సహా పొదల్లోకి వెళ్ళింది. బడి కరస్పాండెంటు ఫాదర్ గారు ఖమ్మం నుంచి ఒకసారి వచ్చి, ఇదంతా చూసి, నన్ను పక్కకు పిలిచారు. "గ్రౌండ్ లేని బడికి పీఈటీ ఏందమ్మా? దసరా సెలవులు అయినంక మళ్ళ వస్త. ఆట కనపడితె నీ పోస్టు ఉంటది. లేకుంటె ఆ జాగల లైబ్రేరియన్‌ను పెట్టుకుంటం" అన్నారు. మంచి మనిషే, మాటే కాస్త బరువు. ఆ రాత్రి నాన్నకు ఫోన్ చేసి అంతా బాగుందని చెప్పాను.

అప్పుడే ఫోన్లో ఒక వీడియో కంటపడింది. ఎవరో అడవిలో చెట్ల మధ్య నుంచి పళ్ళెం లాంటిది విసురుతున్నారు. దూరంగా ఒక కర్రకు గంప, గంప మీద వేలాడే గొలుసులు. పళ్ళెం గొలుసులకు తగిలి గంపలో పడితే అయినట్టు. తక్కువ విసుర్లలో ఎవరు వేస్తే వాళ్ళది గెలుపు. చదును నేల అక్కర్లేదు, చెట్లు అడ్డం కాదు, అవే ఆట! నాకు దేవుడు కనపడినంత పనైంది. వైరాలో సైకిల్ షాపుల చుట్టూ తిరిగి పాత రిమ్ములూ చెయిన్లూ తెచ్చాను. గంపలు పక్క ఊళ్ళో వెదురుతో అల్లించాను. పళ్ళాలకు బదులు పెయింటు డబ్బా మూతలు దొరికాయి. తొమ్మిది గంపలూ టేపు పెట్టి, అన్నీ నా నడుము ఎత్తుకు, వెంట్రుకవాసి తేడా లేకుండా పాతాను. "అన్నీ ఒక్క తీరే ఉన్నయేంది మేడం, ఒకటి పైన కడదాం" అని పొడుగు పిల్లలు అన్నారు. "అప్పుడు పొడుగోళ్ళకే లాభం మేడం" అని పొట్టి పిల్లలు ఏడుపు ముఖం పెట్టారు. ఎత్తు మారితే అది ఆట కాదు, జాతరలో రింగులు విసిరే కొట్టు అవుతుందని చెప్పి రెండు పక్షాల నోళ్ళూ మూయించాను. పిల్లలు దసరాకు ఇళ్ళకు వెళ్ళారు. నేనూ బోనకల్ వెళ్ళి, అమ్మ చేతి సకినాలు తిని, గెలుపు నాదే అనుకుంటూ తిరిగొచ్చాను. ఫాదర్ గారు మర్నాడే వస్తున్నారు.

వచ్చీ రాగానే గంపలు చూసుకుందామని బయల్దేరాను. ఆరో గంప ఇప్ప చెట్టు నీడన ఉంటుంది. దగ్గరికి వెళ్ళగానే గొలుసుల వెనక నుంచి "కుర్ర్" మని ఒక శబ్దం. చూస్తే గంపలో మెత్తగా గడ్డి, గడ్డి మీద ఎర్రకోడి, రెక్కలు ఉబ్బించుకుని, అక్కడికి నేనేదో దాని ఇంట్లోకి చొరబడినట్టు చూస్తోంది. వంట అవ్వను కేకేశాను. మా హాస్టల్ వంట ఆమెదే. పక్క కోయగూడెం మనిషి, సెలవుల్లో బడికి కాపలా కూడా ఆమే. చేతులు కొంగుకు తుడుచుకుంటూ నవ్వుకుంటూ వచ్చింది.

"చూసినవా బిడ్డా, ఎంత నిమ్మళంగ కూసున్నదో!"

"అవ్వా, కోడిని దీంట్ల ఎందుకు పెట్టినవ్?"

అవ్వ నన్ను వింతగా చూసింది. "గంప కట్టినవ్, చుట్టూత గొలుసులు ఏలాడదీసినవ్. కోడి కోసం గాకపోతె ఇంకెందుకు? కిందికెళ్ళి ముంగిస ఎక్కది, పైకెళ్ళి కాకి దూరది. నీ తెలివి చూసి మా గూడెమంత మెచ్చుకున్నరు. మిగిలినయిట్ల గూడ పెడదమనుకున్న గనీ, గన్ని పొదిగే కోళ్ళు ఏడున్నయ్?"

(తొమ్మిదింట్లోనూ కోళ్ళు కూర్చుని ఉంటే ఫాదర్ గారికి ఏం చూపించేదాన్నో! ఆ గూడెంలో కోళ్ళు తక్కువైనందుకు ఇప్పటికీ దేవునికి స్తోత్రం చెప్పుకుంటాను.)

రేపు ఫాదర్ వస్తున్నారనీ, ఆట చూపించకపోతే నా ఉద్యోగం పోతుందనీ, కోడిని వంటింట్లోకి మార్చమనీ బతిమాలాను. అవ్వ ముఖం మారిపోయింది. "పొదిగే కోడిని లేపుతరా ఎవలన్న? గుడ్లు మురిగిపోతయ్. కావాల్నంటె ఫాదర్‌నే వచ్చే నెల రమ్మను" అంది. పెద్ద సిస్టర్ దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ కోడిని చూసి, అవ్వను చూసి, శిలువ గుర్తు వేసుకుని, "తల్లి కదమ్మా, ఎట్ల లేపుతం?" అని అవ్వ పక్షాన చేరిపోయింది. ఇక నేను ఇప్ప చెట్టు కింద కూలబడి ఏడ్చాను. దాచడానికేముంది, బాగా ఏడ్చాను. అరవై మంది ఆడపిల్లల ముందు విజిల్ ఊదే మేడం ముక్కు చీదుకుంటుంటే కోడి మాత్రం కదలలేదు.

అవ్వ నా పక్కన కూర్చుంది. కొంగుతో నా మొహం తుడిచింది. తర్వాత, "నీకు కావాల్సింది కోడి గంపనా, ఇంకో గంపనా?" అని అడిగింది. ఇంకో గంప పెట్టేందుకు ఆ చుట్టుపక్కల నేలంతా బండరాయి, గుంజ దిగదని చెప్పాను. అవ్వ లేచి వెళ్ళి గూడెం నుంచి అల్లుడిని వెంటబెట్టుకొచ్చింది. మక్కచేను కోత అయిపోయి వాళ్ళ మంచె ఖాళీగా ఉంది. ఆ మంచె కర్రలే విప్పుకొచ్చారు. ఇప్ప చెట్టుకు అవతలి పక్క, కోడికి చెట్టు మొద్దు అడ్డం ఉండేట్టు, రాళ్ళ సందుల్లో కర్రలు ఇరికించి తాళ్ళతో బిగించారు. నా దగ్గర మిగిలిన గంపా గొలుసులూ ఎంత ఎత్తున కట్టాలన్నప్పుడు నేను టేపు తీసి నడుము ఎత్తు చూపించాను. అవ్వ టేపు పక్కకు నెట్టి చెయ్యి పైకెత్తింది. "ఇంత."

"అంత పైకి ఎందుకవ్వా? రూలు కాదు."

"గీ ఆట అయినంక ఇంకో కోడిని పెట్టాలె గద! కుక్కలకు అందొద్దు, నా చెయ్యికి అందాలె" అంది.

అలా నా కోర్సులో మొదటి ఎత్తు గంప వెలిసింది, రెండో కోడి కోసం.

సాయంత్రానికి పిల్లలు ఇళ్ళ నుంచి తిరిగొచ్చి, చీకటి పడేదాకా ఆ పై గంపకే మూతలు విసిరారు. మర్నాడు ఫాదర్ గారు తెల్ల అంగీలో, చేతికి గడియారంతో దిగారు. సెమినరీలో ఉండగా వాలీబాల్ ఆడేవారట, మూత చేతికివ్వగానే చూపులు మారాయి. మొదటి గంప రెండు విసుర్లలో, రెండో గంప రెండు విసుర్లలో. నాలుగో గంప దాటేసరికి ఆవలించి గడియారం చూసుకున్నారు. "బాగనే ఉందమ్మా. గనీ ఒకటి చూస్తె తొమ్మిది చూసినట్టే ఉంది గద" అన్నారు. నా కళ్ళ ముందు బోనకల్ బస్సు కదిలింది. ఐదో గంప దగ్గర ఆయన మూత పెద్ద సిస్టర్ చేతికిచ్చి కారు వైపు తిరిగారు. తిరుగుతూ తలెత్తి చూశారు.

"అదేంది, అంత పైన?"

నేను నోరు తెరిచేలోపే అవ్వ, "అది మీతోని గాదు లెండి ఫాదర్" అంది.

మూత వెనక్కి తీసుకున్నారు. మొదటి విసురు గంప మీదుగా పోయి వాలు మీద దొర్లి దొర్లి వాగు అంచున ఆగింది. కింది గంపలైతే తప్పిన మూత అక్కడే పడుతుంది. ఇది అలా కాదు, ఆశపడి గట్టిగా విసిరితే వాగు దాకా నడిపిస్తుంది. రెండోది గొలుసుకు తగిలి మళ్ళీ వాగుకే. మూతను ఎవర్నీ తేనివ్వలేదు, అంగీ అంచు చేత్తో పట్టుకుని తనే దిగి తెచ్చుకున్నారు. అప్పుడు పొట్టి పిల్లల్లో ఒకతి ఉండబట్టలేక, "ఫాదర్, జోరుగ కాదు, గొడుగు లెక్క మెల్లగ పైకి లేపి దింపాలె" అంది. వేసి చూపించింది కూడా! పొడుగోళ్ళకే లాభమని సెలవులకు ముందు ఏడ్చింది వీళ్ళే. ఫాదర్ గారు ఆ పిల్ల చెప్పినట్టే మెల్లగా లేపారు. మూత గంపలో దిగింది, గొలుసులు గలగలమన్నాయి, చెట్టు అవతల నుంచి కోడి ఇల్లు కూలినట్టు అరిచింది. ఫాదర్ గారు చిన్నపిల్లాడిలా చేతులు పైకెత్తి, "అవ్వా, పడ్డది చూసినవా!" అని అరిచారు. కారెక్కేటప్పుడు నాతో అన్నది ఒకటే మాట. "లైబ్రేరియన్ సంగతి వచ్చే ఏడాది చూద్దాం తియ్యమ్మా. ఆ పై గంప మాత్రం ఎవలు చెప్పినా దించకు." ఆయన మళ్ళీ మళ్ళీ ఆడటానికి వచ్చారు, లైబ్రేరియన్ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఎర్రకోడి పిల్లల్ని దింపింది. అవ్వ అందులో ఒక పెట్టను నా పేరున పెంచింది. నేను ఖమ్మానికి మారాక కూడా ఎవరు అటు నుంచి వచ్చినా గుడ్లు పంపేది. ఇవాళ నా జీతం, నా ఇల్లు, నలుగురూ నన్ను కోచ్ మేడం అని పిలవడం, అన్నీ ఆమె చెయ్యెత్తిన ఆ పూట నుంచి వచ్చినవే. ఎన్నిసార్లు అనుకున్నా నా మనసు నిండిపోతుంది. కిందటి వానాకాలం అవ్వ పోయింది.

మొన్న ఈ కథంతా విన్నాక అందరూ నవ్వి, వెరైటీకి ఒక్క గంపైనా పైన పెట్టాల్సిందేనని తేల్చారు. టేపు కుర్రాడు కూడా మెత్తబడ్డాడు. "సరే మేడం, ఎత్తు ఎంత పెడదాం? కరెక్టుగ చెప్పండి" అంటూ టేపు లాగాడు. నేను లేచి చెయ్యి పైకెత్తాను. అతను నేల నుంచి నా వేళ్ళ కొస దాకా కొలవబోతుంటే ఆగమని చెప్పి మోచెయ్యి కొద్దిగా వంచాను. అవ్వ నాకంటే పొట్టి.