బావ తలస్నానం, మా ప్రెషర్ స్విచ్

ప్రతి నెలా కృత్తిక నక్షత్రం రోజున మా బావ తిరుత్తణి కొండకు, మురుగన్ గుడికి పోతాడు. తిరువళ్ళూరులో ఆయన ఇంట్లో వచ్చేవి ఉప్పు నీళ్ళు. అందుకని దారిలో పాండూరులో మా ఇంటి దగ్గర బండి ఆపి, మా బావి నీళ్ళతో తలస్నానం చేసి, తడితలతోనే కొండకు బయలుదేరతాడు. మొక్కు మురుగనిది, మోటారు మాది. ఆయన మా అక్క మొగుడు, ఇంటి అల్లుడు. అల్లుడు ఎగతాళి చేస్తే మేమూ నవ్వాలి. అది మా ఇంటి ఆచారం.

ఆయుధపూజ అయ్యాక వచ్చిన కృత్తికకు, బావ తలకు సీకాయ, మొహానికి సబ్బు దట్టంగా పట్టించుకుని ఉండగా నీళ్ళు ఆగిపోయాయి. స్నానాలగదిలోంచి "అరోహరా!" అని కేక వినిపించింది. భక్తి అనుకున్నాను. రెండో కేకలో మురుగన్ లేడు, నేనే ఉన్నాను.

"బామ్మర్దీ! కండ్లు మండతా ఉండాయి, నీళ్ళు యాడ?"

"కరెంటు పోయిందేమో బావా!"

"పోయింటే ఈ లైటు ఎట్ల ఎలగతా ఉండాది? కండ్లు మూసుకోనుండే నాకే తెలస్తా ఉండాదే!"

వంటింట్లో బిందెలో ఉన్న మంచినీళ్ళు అందించి ఆయన్ను ఒడ్డున పడేశాం. ఆయన కొండ దిగేలోపే కథ తయారైపోయినట్టుంది. తర్వాత ఏ బంధువుల ఇంట్లో శుభకార్యం జరిగినా అదే కథ. "మా బామ్మర్ది ఇంట్లో స్నానానికి పోతే తువాలతో పాటు నీళ్ళు గూడా ఎత్తుకోని పోవాల." నేనూ నవ్వాను. నవ్వీ నవ్వీ దవడలు నొప్పి పుట్టాయి.

అంతటితో ఆగితే పోనీలే అనుకునేవాణ్ణి. మా నాయన ఆ బావి తవ్వించినప్పటి నుంచీ కార్తీక కృత్తికకు మా వాళ్ళంతా మా పెరట్లోనే స్నానాలు చేసి కొండకు పోవడం రివాజు. ఆ రివాజు మీదే బావ చెయ్యి వేశాడు. "ఈసారి తిరుత్తణిలో లాడ్జి చెప్పేస్తా. పాపం, వాడిని ఇబ్బంది పెట్టద్దండి" అని అందరికీ ఫోన్లు చేశాడు. ఆయన కళ్ళలో సబ్బు కంటే నా చెవిలో ఆ 'పాపం' ఎక్కువ మండింది. ఒక్కసారి లాడ్జి రుచి మరిగితే మళ్ళీ మా పెరటి మొహం ఎవరు చూస్తారు?

పగ తీర్చుకోవాలనుకున్నాను. నా పథకం సులువైనది. మళ్ళీ ఆయన సబ్బు పూసుకున్నప్పుడు బయటి నుంచి నీళ్ళ గొట్టానికున్న గేట్ వాల్వ్ కట్టేయడం. అది బిగుసుకుపోయి ఉంటే నూనె కూడా పెట్టాను. కానీ మోటారు నాకు ఆ అవకాశం ఇవ్వలేదు. రోజూ స్నానాల మధ్యలో ఆగిపోయి మా ఇంట్లోవాళ్ళ మీదే ఆ పగ తీర్చుకోసాగింది. ముందు దీని సంగతి చూడక తప్పలేదు.

కుళాయి తిప్పితే గొట్టంలో ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు మోటారును లేపడం, ఒత్తిడి నిండాక పడుకోబెట్టడం ప్రెషర్ స్విచ్ అనే చిన్న డబ్బా పని. కుళాయి తిప్పి, ఒత్తిడి చూపే మీటరు ముందు కూర్చున్నాను. ముల్లు కిందికి జారిపోయింది. మోటారు ఉలకలేదు, పలకలేదు. నా ప్రెషర్ మాత్రం పైకి పోయింది. కరెంటు ఉంది, బావిలో నీళ్ళూ ఉన్నాయి. కోపం కొద్దీ స్క్రూడ్రైవర్ పిడితో డబ్బా మీద ఒకటి వేశాను. టక్కుమంది, మోటారు లేచింది. ఇంకోసారి ఆగింది, ఇంకోటి వేశాను, లేచింది. దెబ్బ డబ్బాకు తగిలితే మోటారు లేస్తోందంటే జబ్బు డబ్బాలోనే ఉన్నట్టు.

ఫ్యూజు పీకేసి మూత విప్పాను. రెండు లోహపు బిళ్ళలు ఒకదానికొకటి తగిలితే కరెంటు పారాలి. వాటి మధ్యా, చుట్టూ ఎండి అట్టకట్టిన చందనం. దాని మీద మాడి నల్లబడిన కుంకుమ.

నా భార్యను పిలిచాను. ఆమె వంగి చూసి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"ఆయుధపూజకు వచ్చినప్పుడు మీ బావ స్క్రూడ్రైవరు యాడుండాదని అడిగినాడు. పైన మూతకు బొట్టు పెడితే ఏం పున్నెం, లోపల పనిచేసేదానికి పెట్టాల గదా అన్నాడు. నువ్వు గేటు కాడ గుమ్మడికాయ కొడతా ఉంటివి."

"నువ్వు వద్దనకూడదా?"

"అల్లుడు పూజ చేస్తా ఉంటే వద్దంటారా ఎవురన్నా?"

బావి గట్టు మీద కూర్చుని ఎంతసేపు నవ్వానో తెలియదు. ఈసారి దవడలు నొప్పి పుట్టలేదు.

బిళ్ళలు తగిలే చోట మాత్రం గరుకు కాగితంతో గీకితే మోటారు నడిచింది. కానీ ఆ బిళ్ళలు నిప్పురవ్వలకు గుంటలు పడిపోయాయి. ఇక నీళ్ళు ఆపితే కాదు, ఆగకపోతేనే నా పగ తీరేది; దాన్ని అలాంటి బిళ్ళల చేతిలో పెట్టలేను. తిరువళ్ళూరు పోయి అదే రకం కొత్త స్విచ్ తెచ్చాను. గొట్టంలో నీళ్ళన్నీ వదిలేసి, మరలకు టేపు చుట్టి బిగించాను. కుళాయి తిప్పితే టక్కుమని లేచింది, కట్టేస్తే కాసేపటికి టక్కుమని పడుకుంది. పాతదాన్ని తుడవకుండా దాచి, లాడ్జి వద్దని మా వాళ్ళందరికీ కబురు పెట్టాను.

కార్తీక కృత్తికకు అందరూ వచ్చారు. బావ బండి వెనక నీళ్ళ క్యాను కట్టుకుని వచ్చి, అది అందరికీ కనపడేలా అరుగు మీద పెట్టాడు. స్నానాలన్నీ అయ్యాయి. చివరన బావ. నీళ్ళు ఒక్క క్షణం ఆగలేదు. ఆయన తల తుడుచుకుంటూ బయటికి రాగానే తాంబూలం పళ్ళెం చేతికిచ్చాను. తమలపాకుల మీద పాత స్విచ్, మూత లేకుండా.

"ఏందిది?" అన్నాడు బావ.

మా అక్క పళ్ళెంలోకి తొంగి చూసింది. "ఇంత లావు బొట్టు నీ బొటనవేలిదే గదా! మన ఇంట్లో పటాలన్నిటికీ ఇట్లనే గదా మొహం కనపడకుండా పెడతావు!"

"అయితే అల్లుడా, నీ కండ్లలో సబ్బు కొట్టింది నువ్వేనా?" అంది మా పెద్దమ్మ.

"మిషనుకు బొట్టు పెడితే తప్పా అత్తా?"

"తప్పెందుకు బావా?" అన్నాను చేతులు కట్టుకుని. "మీ భక్తికి మొదట అది కండ్లు మూసుకునింది, తర్వాత మీరు మూసుకున్నారు."

పెరడంతా నవ్వింది. ఇంటి ఆచారం ప్రకారం బావ కూడా నవ్వాల్సి వచ్చింది. ఆయన క్యానులో నీళ్ళు మా కరివేపాకు చెట్టుకు పోశాం. ఇప్పుడు శుభకార్యాల్లో ఆ కథ మా అక్క చెబుతోంది, నాకంటే బాగా.

తర్వాతి కృత్తికకు బావ క్యాను లేకుండా వచ్చాడు. స్నానాలగదిలో నీళ్ళ చప్పుడు కాసేపు వినిపించి ఆగింది.

"బామ్మర్దీ!"

"ఏం బావా?"

"సబ్బు పెట్టుకోవచ్చునా?"

నా గ్లాసులో కాఫీ ఇంకా సగం ఉంది. అది పూర్తిగా తాగాకే జవాబు చెప్పాను.