పడుగు రాయి, గైడు పెంటయ్య

ముప్పై ఏళ్లు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నా, గద్వాలలో పెంటయ్య మాట విన్న మనిషి లేడు. చీరలు కొనే సేటు సగం మాటలోనే ఫోను ఎత్తేవాడు. భార్య పుష్పమ్మ మగ్గానికి అవతలి పక్క కూర్చుని, పోగు తోసే నాడె చూపించి "ముందు నాడె యెయ్యి, తర్వాత మాట్లాడు" అనేది. అలాంటి పెంటయ్యకు యాభై రెండో ఏట ఇటలీ పోయే యోగం పట్టింది. హైదరాబాదులో చేనేత సంఘం నడిపే మాలతి, అక్కడేదో ప్రదర్శనలో గద్వాల చీర పనితనం చూపించడానికి ఆయన్ని వెంటబెట్టుకుపోయింది.

ప్రదర్శన అయిపోయిన మర్నాడు కొండ మీదున్న ఒక పాత ఊరు చూడబోయారు. దాని పేరు పెంటయ్యకు ఇప్పటికీ నోరు తిరగదు. అక్కడ ఒకామె మూసిన గొడుగు పైకెత్తి ముందు నడుస్తుంటే, ముప్పై మంది నోరు తెరుచుకుని వెనక నడిచారు. ఆమె ఒక గోడ ముందు ఆగి పావుగంట మాట్లాడింది. అందరూ గోడ వంక చూసి తలలూపారు. ఇంకో గోడ ముందు ఆగింది, మళ్లీ ఊపారు. చివరికి ఒక బావి పక్కనున్న రాతి సింహం ముక్కు ముట్టుకోమంది. ముట్టుకున్నవాళ్లు ఆ ఊరికి మళ్లీ వస్తారట, మాలతి తెలుగులో చెప్పింది. లక్షలు పోసి వచ్చిన పెద్దమనుషులంతా బుద్ధిగా వరుసకట్టి ముట్టుకున్నారు.

పెంటయ్య మనసు సింహం మీద లేదు, గొడుగు పట్టుకున్నామె మీద ఉంది. చీర నేయకుండా, చెమట పట్టకుండా, ఉత్త మాటలతో ఇంతమందిని రెండు గంటలు తిప్పుకోవచ్చని ఆయనకు అంతవరకు తెలియదు.

"మేడం, మా గద్వాలల గూడ గోడలున్నయి గద?" అన్నాడు దిగివచ్చేటప్పుడు.

"ఎందుకు లేవు పెంటయ్య గారూ, కోట నిండా గోడలే," అని మాలతి నవ్వింది.

నవ్వులాటకు అన్న మాట ఆరు నెలల్లో నిజమై కూర్చుంది. ఆదివారం పొద్దున హైదరాబాదు నుంచి మాలతి పంపే బస్సు రావడం, అందులోంచి టోపీలు, నీళ్ల సీసాలు దిగడం, పెంటయ్య మూసిన గొడుగు పైకెత్తి నడవడం మొదలైంది. పాలమూరు ఎండలో గొడుగు మూసి పట్టుకున్న మనిషిని చూసి ఆటోవాళ్లు "పెద్దాయనా, తెరువు జర, నెత్తి పగుల్తది" అని అరిచేవారు. ఆయన పట్టించుకునేవాడు కాదు. ఇటలీలో తెరవలేదు మరి.

చరిత్ర ఆయనకు తెలిసినంతవరకు పది నిమిషాల్లో అయిపోయేది. మిగతా గంటా యాభై నిమిషాలు కల్పనతో నింపాలి. పగిలిన కిటికీ కనిపిస్తే రాణిగారు తల ఆరబెట్టుకున్న కిటికీ అన్నాడు. గోడలో బొక్క కనిపిస్తే శత్రువుల ఫిరంగి దెబ్బ అన్నాడు. అది మున్సిపాలిటీ పైపు కోసం తవ్విన బొక్క. జనం రెంటికీ ఒకేలా తలలూపారు. పెంటయ్య ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఇంట్లో మాత్రం పని కుంటుపడింది. గద్వాల చీర అంచు కలపాలంటే మగ్గానికి రెండో మనిషి కావాలి. పుష్పమ్మ పక్కింటి హన్మమ్మను బతిమాలి అవతలి పక్క కూర్చోబెట్టుకుంది. దాంతోనే కష్టం తీరదు. నేసే ముందు నూలు పడుగును, అంటే మగ్గం మీద నిలువునా పరిచే పోగులను, తెల్లవారుజామున వీధి పొడుగునా సాగదీసి, గంజి పట్టించి, ఎండ ముదరకముందే ఆరబెట్టాలి. లేకపోతే పోగు పోగూ తెగుతుంది. అంత తిన్నని వీధి వాళ్ల పేటలో ఒక్కటే. దాని కొసన నడుమెత్తు రాయి పాతి ఉంది. ఏడిళ్ల మగ్గాలవాళ్లూ పడుగు తాడు కట్టేది దానికే.

మూడో ఆదివారం నడక ఆ వీధిలోనే ముగిసింది. జనం ఇంకేదో ఉందన్నట్టు చూశారు. పెంటయ్యకు సింహం గుర్తొచ్చింది. వీధిలో సింహం లేదు, రాయి ఉంది. "దీన్ని ముట్టుకుంటే పోయినోళ్లు మళ్లొస్తరు సార్," అనేశాడు. నలభై మంది వంగి వంగి ముట్టుకుని ఫొటోలు దిగారు.

అరుగు మీద కూర్చున్న హన్మమ్మ ఇదంతా చూసింది. అంతంత చదువుకున్నవాళ్లు ఊరికే వంగుతారా? తప్పిపోయిన బర్రె కోసం నాలుగు రోజులుగా ఏడుస్తున్న ఆమె, బస్సు పోగానే వెళ్లి రాయికి చెంబెడు నీళ్లు పోసి దండం పెట్టుకుంది. ఆ శనివారమే పెబ్బేరు సంతలో బర్రె దొరికింది. మర్నాటికి రాయికి పసుపు, మూడోనాటికి కళ్లు, వారానికి "మళ్లొచ్చెటమ్మ" అన్న పేరు వచ్చాయి. పోయిన ఫోన్లవాళ్లు వచ్చారు. పోయిన ఉంగరాలవాళ్లు వచ్చారు. అయిజ నుంచి ఒకామె మొక్కుకుంటే రెండేళ్ల కింద పారిపోయిన మొగుడు తిరిగొచ్చాడు. ఆమె ఏడుస్తూ మళ్లీ వచ్చి, మొక్కు వెనక్కి తీసుకునే పద్ధతేమైనా ఉందా అని అడిగింది.

రాయి చుట్టూ రేకుల పందిరి లేచింది, వీధి మధ్యలో గుంజలు దిగాయి. పెంటయ్య నడకకు బస్సులు రెండయ్యాయి. ఆయన మురిసిపోతుంటే పుష్పమ్మ అడిగింది.

"శ్రావణం పెండ్లిండ్లకు ఆరు చీరలు ఒప్పుకున్న. పడుగు ఏడ సాగదియ్యాలె?"

"కట్టుకో, రాయే గద," అన్నాడు పెంటయ్య.

ఆమె అదే చేసింది. తెల్లారకముందే గుంజల పక్కనుంచి ఒడుపుగా పడుగు పరిచి, తాడు రాయికి బిగించి, గంజి పట్టించడం మొదలుపెట్టింది. సగం అయ్యేసరికి పూజకు చెంబుతో వచ్చిన హన్మమ్మ కెవ్వుమంది.

"ఓసి పుష్పా! అమ్మ మెడకు తాడేస్తవానే!"

నలుగురు చేరారు, పది మందయ్యారు. ఎవరో తాడు కోసేశారు. తడి పడుగంతా దుమ్ములో కుప్పగా పడింది. పుష్పమ్మ గంజి చేతులతో అలాగే నిలబడిపోయింది.

కేకలు విని పెంటయ్య బనీనుతో పరుగెత్తుకొచ్చాడు. మట్టిలో పడుగును చూసి వంగి దుమ్ము దులపబోయాడు. ఎంత గైడైనా నేతగాడి చెయ్యి కదా.

"ఇనుండ్రి! గా మాట నేనే పుట్టించిన. అబద్ధం. ఇటలీల ఓ సింహాన్ని జూసి గిట్ల జెప్పిన. ఇది పడుగు రాయి, మన తాతలు పాతిన రాయి!" అని గొంతు చించుకున్నాడు.

హన్మమ్మ ముందుకొచ్చి ఆయన కాళ్లకు దండం పెట్టింది.

"నీకేం తెలుసు బావా, ఎరుక లేకుంటనే అమ్మ నీ నోట పలికింది. లేకుంటే నా బర్రె ఎట్లొచ్చె?"

ఎవరో ఆయన మెడలో బంతిపూల దండ వేశారు. ముప్పై ఏళ్లలో నిజం చెబుతుంటే ఇంతమంది విన్నది అదే మొదలు, ఒక్కరూ నమ్మింది లేదు. పుష్పమ్మ మట్టి పట్టిన నూలును ఒళ్లోకి ఎత్తుకుని, మొగుడి వంక చూడకుండా ఇంట్లోకి పోయింది. ఆరు చీరల బేరం పోయింది. వారం తిరగకముందే ఆమె పందిరి పక్కన గంప పెట్టి కొబ్బరికాయలు అమ్మడం మొదలుపెట్టింది. మిగతా ఆరిళ్లలో రెండిళ్లవాళ్లూ పూల దండలు గుచ్చుతున్నారు.

మరుసటి ఆదివారం బస్సులో వచ్చిన ఒక పెద్దాయన కొబ్బరికాయ కొట్టి, చేతులు తుడుచుకుంటూ అడిగాడు.

"ఇది నేతగాళ్ల వీధని చెప్పారు కదండీ. ఒక మగ్గం చూపిస్తారా?"

పెంటయ్యకు దాటేసే కథ తోచలేదు. వెంటనున్న ఇరవై మందిని తన ఇంటికే తీసుకుపోయి తలుపు తీశాడు. మగ్గానికి పోగు లేదు. కాళ్లు పెట్టుకునే గుంట నిండా కొబ్బరికాయల బస్తాలు పేర్చి ఉన్నాయి. జనం ఫోన్లు పైకెత్తి, గైడు వంక చూస్తూ, తలలూపడానికి సిద్ధంగా నిలబడ్డారు.

"ఎవరిదండీ ఇది?" అన్నాడు పెద్దాయన.

"మా ఆడామెది," అన్నాడు పెంటయ్య. వీధిలోంచి కొబ్బరికాయల ధర చెబుతున్న పుష్పమ్మ గొంతు వినబడుతోంది. ఆయన గొడుగు గోడకు ఆనించి, అంతమంది ముందే గడప మీద కూలబడి ఏడ్చాడు. ఎవరో ఫొటో తీశారు.